చేతిలో ఉన్న కెమెరాతో బతుకులో అర్థం వెతుక్కోవడం ఎలా

మీ ఫోన్ గ్యాలరీ తెరిచి పోయిన ఏడాది ఇదే నెలకి వెళ్లండి ఒకసారి. స్క్రీన్‌షాట్లు, ఎవరో పంపిన ఫార్వర్డులు, ఏదో రసీదు, ఒకే గ్రూప్ ఫోటో ఎనిమిది సార్లు, ఇవన్నీ పక్కన పెడితే మిగిలేవి ఎన్ని, వాటిల్లో "ఆ నెల నాకు ఇది ముఖ్యం" అని చెప్పేవి ఎన్నో చూడండి. చాలామందికి వేలకి వేలు ఫోటోలుంటాయి గానీ ఈ రెండో రకం వెతికితే ఒకటో రెండో, అంతే. ఈ రెండో రకం ఫోటోలు ఎలా తీయాలి, తీశాక వాటిని ముందేసుకుని మన గురించి మనం ఏం తెలుసుకోవచ్చు, అదీ ఇక్కడ చెప్పబోయేది.

నాకు ఏది ముఖ్యం, నేను దేనికోసం బతుకుతున్నాను అని ఊరికే కూర్చుని ఆలోచిస్తే వచ్చేవి ఎక్కడో చదివిన మాటలే. కుటుంబం, ఆరోగ్యం, మనశ్శాంతి, అందరూ ఇవే చెప్తారు. కెమెరా చేతిలో ఉన్నప్పుడు ఆ మాటలు పనిచేయవు, ఎందుకంటే "కుటుంబం" అనేదాన్ని ఫోటో తీయలేం, ఒక మనిషిని తీయాలి, ఫలానా గదిలో, ఫలానా వెలుతురులో, ఆ మనిషి ఏదో చేస్తుండగా తీయాలి. ఏ మనిషిని? ఏం చేస్తుండగా? అక్కడ ఆగి ఆలోచించాల్సి వస్తుంది చూశారా, నాకు ఫోటోగ్రఫీలో అన్నిటికంటే విలువైనది అదే అనిపిస్తుంది.

దీన్ని ప్రయోగం చేసి చూసినవాళ్లు కూడా ఉన్నారు. మైకేల్ స్టెగర్ అనే అమెరికన్ సైకాలజిస్టు, ఆయన టీమ్ కలిసి కొంతమంది కాలేజీ విద్యార్థులకి కెమెరాలిచ్చి, వారం రోజుల్లో మీ జీవితానికి అర్థం ఇచ్చేవాటిని 9 నుంచి 12 ఫోటోలు తీసుకురండి అన్నారు, తర్వాత ఆ ఫోటోలు చూసుకుంటూ ఒక్కోదాని గురించి రాయమన్నారు. ఆ వారం అయ్యాక అడిగితే జీవితానికి అర్థం ఉందన్న భావన, సంతృప్తి ముందుకంటే పెరిగాయి. ఇది 2014లో అచ్చయింది. చిన్న ప్రయోగమే, ఫోటోలు తీస్తే చాలు బతుకు బాగుపడుతుందని దీన్ని పట్టుకుని చెప్పలేం. కానీ ఆ పద్ధతి మాత్రం భలే మంచిది, ఖర్చు లేనిది, ఎవరైనా చేసుకోగలిగేది. నేను కింద చెప్పేదానికి అదే పునాది, మీద కట్టింది మాత్రం ఏళ్ల తరబడి నేను చేస్తూ వస్తున్నది, చుట్టూ ఉన్నవాళ్ల చేత చేయిస్తున్నది.

ముందు కెమెరా సంగతి తేల్చేద్దాం

ఫోన్ చాలు. ఈ పని కోసం కొత్త కెమెరా కొనొద్దు, నిజంగా చెప్తున్నా, కొంటే మొదటి రెండు నెలలు కెమెరా గురించే ఆలోచిస్తారు. లెన్స్ మీద వేలి జిడ్డు ఉంటుంది, మెత్తటి గుడ్డతో తుడవండి, సగం ఫోటోలు మసకగా రావడానికి అదే కారణం. జూమ్ వాడొద్దు, వేళ్లతో లాగి పెద్దది చేస్తే చాలా ఫోన్లలో అది ఉన్న బొమ్మని కత్తిరించి సాగదీయడమే, దగ్గరగా కావాలంటే కాళ్లతో వెళ్లండి. ఫోటో తీసే కాసేపు ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే సరిగ్గా మీరు ఆగి చూస్తున్న క్షణంలోనే మెసేజ్ వచ్చి పడుతుంది, చూపు అటు పోతుంది.

ఇంట్లో పాత ఫిల్మ్ కెమెరా ఉండి, అది పనిచేస్తుంటే అదీ మంచిదే, రోల్‌కి మహా అయితే 36 ఫ్రేములే కాబట్టి చేయి దానంతటదే ఆగుతుంది. లేకపోయినా నష్టం లేదు, ఆ హద్దు మనం పెట్టుకోవచ్చు.

ప్రశ్న కాగితం మీద రాసుకోండి

వారం మొదలుపెట్టే ముందు రోజు రాత్రి ఒక కాగితం తీసుకుని రెండు పనులు చేయండి. పైన ఈ ప్రశ్న రాయండి: "ఏది లేకపోతే నా బతుకు చిన్నబోతుంది?" దాని కింద, ఫోటోల గురించి ఆలోచించకుండా, మనసుకి తోచినవి ఓ పది రాసేయండి. మనుషులు, పనులు, చోట్లు, నమ్మకాలు, ఏవైనా సరే. రాసి మడిచి ఎక్కడైనా పెట్టేయండి, వారం అయ్యేదాకా తీయొద్దు. ఈ కాగితం చివర్లో చాలా పనికొస్తుంది, దీన్ని వదిలేసి నేరుగా ఫోటోలకి వెళ్లిపోవద్దు.

హద్దు ఏంటంటే వారానికి పన్నెండు ఫోటోలు. క్లిక్ ఎన్నిసార్లైనా కొట్టుకోండి, ఏ రోజుకారోజు రాత్రి చూసుకుని ఒకటో రెండో ఉంచి మిగతావి వేరే ఫోల్డర్‌లో పడేయండి. ఆ రోజు ఏమీ లేదా, ఏమీ లేదు, పర్లేదు, లెక్క కోసం తీయకండి.

తీయడం, ఇది కొంచెం నిదానంగా చదవండి

రోజూ వెళ్లే దారిలోనే వెళ్లండి. కొత్త చోట్లకి ప్రయాణం కట్టక్కర్లేదు, కొత్త చోటికి పోతే ఆ చోటు ఫోటో వస్తుంది, మీ జీవితం ఫోటో రాదు. నడుస్తుంటే, పని చేస్తుంటే, ఎక్కడో ఒకచోట చూపు ఆగుతుంది. ఎందుకు ఆగిందో అప్పుడే తెలియాల్సిన పని లేదు, ఆగిందని గమనిస్తే చాలు. ఫోన్ వెంటనే తీయకుండా ఓ పది ఊపిరులు ఊరికే చూడండి. వెలుతురు ఎటునుంచి వస్తోంది, ఇందులో నన్ను లాగింది ఏంటి, మొత్తం దృశ్యమా లేక అందులో ఒక మూలా? ఆ మూలే అయితే మిగతాది వదిలేసి దాని దగ్గరికి వెళ్లండి.

దగ్గరికి వెళ్లడం గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. లిండా హెంకెల్ అనే సైకాలజిస్టు ఒక ఆర్ట్ మ్యూజియంలో జనాన్ని తిప్పి, కొన్నింటిని ఫోటో తీయమని, కొన్నింటిని ఊరికే చూడమని చెప్పింది. మర్నాడు అడిగితే ఫోటో తీసినవే తక్కువ గుర్తున్నాయట, కెమెరా చూసుకుంటుందిలే అని బుర్ర వదిలేసినట్టు. అయితే అందులోనే ఇంకో సంగతి బయటపడింది, ఒక వస్తువులో ఏదో ఒక భాగం మీదికి జూమ్ చేసి తీసినవాళ్లకి ఆ మరుపు రాలేదు, జూమ్ చేయని మిగతా భాగం కూడా బాగానే గుర్తుంది. అంటే ఏది ముఖ్యమో ఎంచుకుని తీస్తే బుర్ర కూడా మనతోపాటు పనిచేస్తుందన్నమాట. మనకి కావాల్సింది ఆ ఎంచుకోవడమే, జూమ్ బదులు కాళ్లు వాడతాం, అంతే తేడా.

ఒక ఉదాహరణ చెప్తా. ఒకసారి ఇలాంటి వారంలో నేను మా నాన్న కళ్లజోడు తీశాను. పేపర్ చదివి దానిమీదే మడిచి పెట్టి లేచి వెళ్లారు, కిటికీలోంచి పక్కవాటుగా వెలుతురు పడుతోంది. దూరం నుంచి చూస్తే టేబుల్, పేపర్, కళ్లజోడు, మామూలు సీన్. దగ్గరికి వెళ్తే ఎడమ కాడ విరిగిన చోట నల్లదారం చుట్టి ఉంది, వదులుగా కూడా కాదు, ఒక్కో చుట్టూ పక్కపక్కనే వరసగా, చివర ముడి లోపలివైపు వచ్చేలా, బయటికి కనపడకుండా. అద్దం మీద బొటనవేలి ముద్ర. ఆ దారం ఆయన ఎప్పుడు చుట్టారో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ ఫోటో తీసేటప్పుడు నాకు వెలుతురు బాగుందనే అనిపించింది, అంతకుమించి ఏమీ తోచలేదు. అది ఏం చెప్పిందో ప్రింట్ తీసి చూసినప్పుడు తెలిసింది, ఆ సంగతి కిందికి వచ్చాక చెప్తా.

టెక్నికల్‌గా తెలియాల్సింది చాలా తక్కువ. స్క్రీన్ మీద మీకు ముఖ్యమైన చోట వేలు పెట్టి నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు రెండూ అక్కడే లాక్ అవుతాయి, తర్వాత వేలు పైకీ కిందికీ జరిపితే బొమ్మ వెలుగు పెరగడం, తగ్గడం జరుగుతుంది. నా మాట విని కొంచెం తగ్గించే తీయండి, తెల్లగా కాలిపోయిన చోట వివరాలు మళ్లీ తిరిగి రావు, చీకటిగా ఉన్నచోట కొంతైనా లాగొచ్చు. ఫ్లాష్ ఆపేయండి. ఇంట్లో మనుషుల్ని తీస్తే ట్యూబ్‌లైట్ కింద కాకుండా కిటికీ పక్కన కూర్చున్నప్పుడు తీయండి. ఫిల్టర్లు ఇప్పుడు వద్దు.

కిటికీ అంటే యోసెఫ్ సుదెక్ గుర్తొస్తాడు నాకు. ప్రాగ్ నగరం ఆయనది, మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచేయి పోయింది, ఆ ఒంటిచేత్తోనే పెద్ద పెద్ద కెమెరాలు మోసుకుంటూ ఫోటోలు తీశాడు. 1940 నుంచి 1954 దాకా తన చిన్న స్టూడియో కిటికీని తీస్తూ వచ్చాడు. మొదలుపెట్టినప్పుడు బయట యుద్ధం, ఊరంతా నాజీల చేతిలో, కెమెరా పట్టుకుని వీధిలో తిరగడమే కష్టమైన రోజులు. కిటికీ అద్దం మీద నీటిబొట్లు, మంచు, అవతల మెలికలు తిరిగిన చెట్టు ఒకటి, గట్టు మీద గ్లాసులో ఒక పువ్వు. నా జీవితంలో తీయడానికి ఏముంది అని ఎవరైనా అంటే నేను చెప్పేది సుదెక్ కిటికీ సంగతే.

మనుషుల్ని తీసేటప్పుడు

అడిగి తీయండి. ఇంట్లోవాళ్లనైనా సరే. "ఇటు చూడు, నవ్వు" అనొద్దు, మీ పని మీరు చేసుకోండి, నేను ఇక్కడే ఉంటా అని చెప్పి కాసేపు ఊరికే కూర్చోండి, మొదటి ఐదు నిమిషాలు బిగుసుకుని ఉంటారు, తర్వాత మర్చిపోతారు. మొహమే తీయాలని లేదు, చేతులు తీయండి, వీపు తీయండి, వాళ్లు ఎప్పుడూ కూర్చునే కుర్చీ తీయండి. తెలియని మనుషులైతే ఇంకా జాగ్రత్త, కష్టంలో ఉన్నవాళ్లని, నిద్రపోతున్నవాళ్లని, పిల్లల్ని అడక్కుండా తీయడం తప్పు, ఫోటో ఎంత బాగా వచ్చినా తప్పే. మన బతుక్కి అర్థం కోసం ఇంకొకరి బతుకుని వాడుకోకూడదు.

కంటికి కనపడనివి, ఇక లేనివి

కొందరికి జీవితంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇప్పుడు లేని మనిషి. లేకపోతే ఒక నమ్మకం, ఎప్పుడో వదిలేసిన సంగీతం, ఇంకా జరగని ఏదో ఒకటి. అలాంటప్పుడు దాని ఆనవాలు తీయాలి. వాళ్ల వస్తువు, వాళ్లు నిలబడే చోటు, మూసేసి ఉన్న వాయిద్యం పెట్టె.

ఆంద్రే కెర్తేజ్ అని హంగేరీలో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన గొప్ప ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. 1977లో ఆయన భార్య ఎలిజబెత్ చనిపోయింది. అప్పటికి ఆయనకి ఎనభై దాటాయి. ఒక షాపు కిటికీలో గాజుతో చేసిన చిన్న ప్రతిమ కనపడింది, ఆ మెడా భుజాల వంపు అచ్చం ఆమెలాగే ఉందనిపించి తెచ్చుకున్నాడు. తన ఫ్లాట్ కిటికీ దగ్గర పెట్టి పోలరాయిడ్ కెమెరాతో మళ్లీ మళ్లీ తీశాడు, ఆ గాజులోంచి ఆకాశం, ఎదురుగా బిల్డింగులు, సాయంత్రం రంగులు, అన్నీ అందులో వంగి కనిపిస్తాయి. ప్రపంచమంతా తిరిగి తీసిన మనిషి చివరి ఏళ్లలో అరచేతిలో పట్టే గాజు బొమ్మ ముందు కూర్చున్నాడు. ఆ ఫోటోలు చూస్తే దుఃఖం పోయిందని అనిపించదు, దుఃఖంతోనే ఏదో పని చేసుకుంటున్నాడని అనిపిస్తుంది, నాకైతే ఆయన మిగతా ప్రసిద్ధమైన ఫోటోలన్నిటికంటే అవే ఇష్టం.

మీరు చేసేటప్పుడు ఒక మాట. పోయినవాళ్ల వస్తువులు తీయడం బరువుగా ఉంటే ఆపేయండి, ఈ వారమే చేయాలని ఏమీ లేదు. పక్కన ఎవరైనా ఉన్నప్పుడు చేయండి. అసలు బతకాలనే లేదు అనిపించేంత చీకటిలో ఉంటే మాత్రం ఫోటోల మీద ఆధారపడకండి, దగ్గరి మనిషికి చెప్పండి, డాక్టర్‌ని కలవండి, ఫోటోలు తర్వాత కూడా తీసుకోవచ్చు.

ఎప్పుడు తీయకూడదు

ఫోటో తీస్తే ఆ క్షణం చేజారిపోతుందని కొందరంటారు, అది పూర్తిగా నిజం కాదు. క్రిస్టిన్ డీల్, ఆమె తోటి పరిశోధకులు 2016లో అచ్చు వేసిన ప్రయోగాల్లో, టూర్ బస్సులో తిరగడం లాంటివి చేస్తూ ఫోటోలు తీసినవాళ్లే ఎక్కువ లీనమై ఆనందించారని తేలింది. కానీ చేతులతో ఏదో చేస్తూ అప్పటికే మునిగిపోయి ఉన్నవాళ్లకి ఆ లాభం కనపడలేదు. కాబట్టి నేను పాటించేది ఏంటంటే, చూసేవాడిగా ఉన్నప్పుడు తీస్తాను, చేసేవాడిగా ఉన్నప్పుడు తీయను. పాప మిమ్మల్ని ఆటకి పిలిచిందా, వెళ్లి ఆడండి. ఎవరైనా మీ ముందు ఏడుస్తున్నారా, ఫోన్ జేబులో ఉండాలి. అలా తీయకుండా వదిలేసినవి రాత్రి ఒక్క లైన్‌లో రాసుకోండి, "ఇవాళ ఇది తీయలేదు, అక్కడ ఉన్నాను" అని. ఈ లైన్లు కూడా ఫోటోల్లాంటివే, చివర్లో వాటితోపాటే పెట్టండి.

వారం అయ్యాక ప్రింట్ తీయించండి

ఇది చాలామంది ఎగ్గొడతారు, దయచేసి మీరు ఎగ్గొట్టొద్దు. ఫోన్‌లో ఫోటో చూడటం అంటే వేలితో పక్కకి తోయడమే, ఒక్కోటి రెండు సెకన్లు. చేతిలో కాగితం ఉంటే తోయడానికి ఉండదు. 4×6 అంగుళాల సైజు చాలు, 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, దానికి కావాల్సింది 1200×1800 పిక్సెల్స్ మాత్రమే, కొన్నేళ్ల కిందటి స్మార్ట్‌ఫోన్ ఫోటో అయినా చక్కగా వస్తుంది. మెసేజింగ్ యాప్‌లో వేరేవాళ్లకి పంపి ప్రింట్ చేయించొద్దు, అందులో ఫోటో సైజు కుదించుకుపోతుంది, ఒరిజినల్ ఫైల్ ఇవ్వండి. ప్రింట్ కుదరకపోతే కనీసం కంప్యూటర్‌లో పన్నెండూ ఒకేసారి కనిపించేలా పెట్టుకోండి.

తర్వాత నేల మీద పరచండి. తలుపేసుకుని ఓ గంట మీకోసం ఉంచుకోండి. మొదట ఏమీ అనుకోకుండా చూడండి, ఊరికే జరుపుతూ ఉండండి, ఏది ఏ పక్కన బాగుంది, ఏది దేనికి దూరంగా ఉండాలనిపిస్తోంది. అప్పుడు ఒక్కోటి చేతిలోకి తీసుకుని మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇక్కడ ఏం కనిపిస్తోంది? నిజంగా ఏం జరుగుతోంది? దీనికీ నా బతుక్కీ ఏంటి సంబంధం? ఈ ప్రశ్నలు నేను సొంతంగా కనిపెట్టినవి కావు. 1990లలో కరొలైన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ అనే ఇద్దరు చైనాలోని యున్నాన్‌లో పల్లెటూరి ఆడవాళ్లకి కెమెరాలిచ్చి వాళ్ల జీవితాన్ని వాళ్లచేతే తీయించారు, ఫోటోవాయిస్ అంటారు ఆ పద్ధతిని, తర్వాత చాలా దేశాలకి పాకింది. అందులో ఫోటోలు ముందేసుకుని అందరూ మాట్లాడుకోవడానికి ఇలాంటి ప్రశ్నలే వాడతారు. చివర్లో ఇంకోటి ఉంటుంది, దీని గురించి మనం ఏం చేయగలం అని. దాన్ని కూడా వదలొద్దు.

జవాబు ఫోటో వెనకాల రాయండి. మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా. బాల్‌పెన్‌తో రాస్తే గీత ముందువైపు ఉబ్బుతుంది, గ్లాసీ కాగితం మీద ఇంకు ఆరక పక్క ఫోటోకి అంటుకుంటుంది. తేదీ, చోటు, ఒకటి రెండు వాక్యాలు. కవిత్వం రాయాల్సిన పని లేదు, నిజం రాస్తే చాలు.

కళ్లజోడు ఫోటో దగ్గరికి వస్తే, దాన్ని చేతిలోకి తీసుకున్నాక నాకు కనిపించింది ఆ ముడి. లోపలివైపు దాచిన ముడి. కాడ విరిగింది, ఇంట్లో ఇంతమందిమి ఉన్నాం, ఒక్క మాట చెప్తే ఆ సాయంత్రమే బాగుచేయించేవాళ్లం, ఆయన చెప్పలేదు, చెప్పకపోగా ఎవరికీ కనపడకుండా అంత శ్రద్ధగా కట్టుకున్నారు. ఎవరినీ ఏదీ అడగని మనిషి. అలా చూస్తూ ఉంటే పక్కనున్న ఇంకో ఫోటో మీద చూపు పడింది, అది నా బ్యాగు, తెగిన పట్టీకి నేనే వేసుకున్న కుట్లు. వెనకాల ఏం రాశానంటే, "మేమిద్దరం అడగం" అని. ఆ తర్వాతి రోజు ఆయన్ని తీసుకుని కళ్లజోళ్ల షాపుకి వెళ్లాను, దారిలో నాకు అవసరమైన ఒక సాయం కూడా ఆయన్ని అడిగాను. వారం రోజుల ఫోటోల వల్ల ఆ రెండు పనులు జరిగాయి, నాకు అది తక్కువేం కాదు.

వీలుంటే ఒక్క మనిషికి చూపించండి, మీరు మాట్లాడేముందు వాళ్లకి ఏం కనిపిస్తోందో చెప్పనివ్వండి. మనం చూడనిది వాళ్లు చూస్తారు చాలాసార్లు.

ఇప్పుడు ఆ మడిచిన కాగితం తీయండి

వారం ముందు రాసుకున్న పది మాటలు, నేల మీదున్న పన్నెండు ఫోటోలు, రెండూ పక్కపక్కన పెట్టండి. ఇక్కడే ఎక్కువసేపు కూర్చోవాలి.

కాగితంలో ఉండి ఫోటోల్లో లేనివి ఏంటి? ఒక స్నేహితుడి పేరు రాశారు, వారమంతా వాళ్ల ఆనవాలే లేదు. అంటే ముఖ్యం కాదనా, లేక ముఖ్యమే కానీ కలిసి ఎన్నాళ్లయిందో అనా? ఫోటోల్లో ఉండి కాగితంలో లేనివి ఏంటి? ఇది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. నాకు తెలిసిన ఒకావిడ కాగితంలో ఎక్కడా మొక్కల ఊసు లేదు, పన్నెండింట్లో ఐదు ఫోటోల్లో మూలకో వెనకో మొక్క ఉంది, ఆవిడే ఆశ్చర్యపోయింది. మనుషులు ఎంత దూరంలో ఉన్నారో చూడండి, అందర్నీ గది అవతలి నుంచే తీశారా, ఒక్కరి దగ్గరికైనా వెళ్లారా. అన్నీ సాయంత్రం తీసినవేనా, అయితే పొద్దంతా ఎక్కడున్నారు మీరు? ఎవరూ లేని ఖాళీ చోట్లే ఉంటే దానికీ రెండు అర్థాలుంటాయి, ఒంటరితనం కావచ్చు, మీకు కావాల్సిన నిశ్శబ్దం కావచ్చు, ఏదో మీకే తెలుస్తుంది, వేరేవాళ్ల వివరణ తీసుకోకండి.

చూసింది చాలు అనిపించాక ఒక్కటంటే ఒక్క పని ఎంచుకుని వచ్చే వారంలో చేసేయండి. ఫోన్ చేయడమో, మళ్లీ ఆ వాయిద్యం పెట్టె తెరవడమో, ఏదైనా వదిలేయడమో. ఏ పనీ తోచకపోతే అదీ సరే, కానీ తోచి కూడా చేయకపోతే ఈ ఫోటోలు గోడకి అలంకారంగా మిగిలిపోతాయి.

పోస్ట్ చేయాలా వద్దా

ఈ పన్నెండు ఫోటోలు మాత్రం ప్రింట్ తీసి, వెనకాల రాసేదాకా ఎక్కడా పెట్టొద్దు. లైక్ వచ్చిన ఫోటో మంచిదని, రానిది కాదని మనసు వెంటనే నమ్మేస్తుంది, ఆ కళ్లజోడు ఫోటోకి ఎన్ని లైకులు వస్తాయి చెప్పండి. వివియన్ మేయర్ అని షికాగోలో పిల్లల్ని చూసుకునే ఆయాగా దాదాపు నలభై ఏళ్లు పనిచేసిన ఆవిడ, లక్షకి పైగా ఫోటోలు తీసింది, వాటిని దాదాపు ఎవరికీ చూపించలేదు. 2007లో ఆవిడ సామాను వేలానికి వస్తే కొన్నవాళ్ల ద్వారా బయటపడ్డాయి, 2009లో ఆవిడ చనిపోయాకే ప్రపంచానికి పేరు తెలిసింది. చూసేవాళ్లు లేకపోయినా తీయడం ఎంత బలంగా ఉండగలదో ఆవిడ్ని చూస్తే తెలుస్తుంది. అయితే అందులో చాలా రోల్స్ ఆవిడ డెవలప్ కూడా చేయించలేదు, అది నాకు బాధగా ఉంటుంది, తీసినవి తను కూడా చూసుకోకుండా పోయిందే అని. అందుకే లోకానికి చూపించకపోయినా పర్లేదు, మీరు మాత్రం చూసుకోండి అంటాను.

పోస్ట్ కంటే మంచిది ఇంకోటుంది. ఫోటోలో ఉన్న మనిషికే ఒక ప్రింట్ ఇవ్వండి. వెనకాల రాసింది కూడా అలాగే ఉంచి ఇవ్వండి.

ఒకే దాన్ని ఏళ్ల తరబడి

వారం పద్ధతి అలవాటయ్యాక, ఆ పన్నెండింట్లో ఒకటి ఎంచుకుని దాన్నే మళ్లీ మళ్లీ తీయడం మొదలుపెట్టొచ్చు. నికొలస్ నిక్సన్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ 1975లో తన భార్యనీ, ఆమె ముగ్గురు చెల్లెళ్లనీ వరసగా నిలబెట్టి తీశాడు. మరుసటి ఏడు మళ్లీ అదే వరసలో తీశాడు. అలా ఏడాదికొకటి చొప్పున 40 ఏళ్లకి పైగా. ఒక్కో ఫోటో విడిగా చూస్తే నలుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు, అంతే. వరసలో చూస్తే వయసు, దగ్గరితనం, ఏదో ఏడాది ఎవరో ఎవరి భుజమో గట్టిగా పట్టుకోవడం, అన్నీ కనపడతాయి.

మీకు ఏదైనా సరే, అదే తలుపు ముందు పిల్లలు, అదే చెట్టు, అదే చేతులు. నియమాలు తక్కువ పెట్టుకోండి గానీ పెట్టుకున్నవి మార్చకండి: ఒకే చోటు, ఒకే దూరం, ఏడాదిలో ఒకే రోజు. గుర్తుండే రోజు ఎంచుకోండి, లేకపోతే మూడో ఏడాదికే మర్చిపోతారు. ఎవరో ఒకరు రాలేకపోతే ఆ ఖాళీ అలాగే ఉంచి తీయండి, సర్దుకుని దగ్గరికి జరగమనొద్దు. ఒరిజినల్ ఫైళ్లు మూడు చోట్ల ఉంచండి, అందులో ఒకటి ఇంటి బయట ఎక్కడైనా, ఫోన్ పోతే ఏళ్ల పని పోకూడదు.

వారం పద్ధతిని మాత్రం ఏడాదికి రెండుసార్లు చేస్తే చాలు, ఎక్కువ చేస్తే హోంవర్క్ అయిపోతుంది. పన్నెండు ప్రింట్లు, మడిచిన కాగితం, తీయకుండా వదిలేసినవాటి లైన్లు, అన్నీ కలిపి ఒక కవర్‌లో పెట్టి మీద తేదీ వేయండి. రెండోసారి మొదలుపెట్టేటప్పుడు పాత కవర్ తెరవొద్దు, తెరిస్తే అవే మళ్లీ తీస్తారు. కొత్తవి నేల మీద పరిచి, రాయాల్సింది రాసేశాక అప్పుడు పాతవి తెచ్చి పక్కన పెట్టండి, రెండింట్లోనూ ఉన్న దాని మీద పెన్సిల్‌తో చిన్న టిక్ పెట్టండి, ఆరు నెలల్లో మాయమైపోయిన దాని గురించి మాత్రం ఆ రాత్రే ఎవరితోనైనా మాట్లాడండి.